కందిబుట్టల్లో వెండి చుక్కలు

పెద్దమ్మ పోయిందని ఆమె కొడుకు, మా అన్న, ఫోన్ చేసినప్పుడు నేను చాటలో కందిపప్పు పోసుకుని ఏరుతున్నాను. "చెల్లె, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ తాగింది, మళ్ల పండుకున్నది, ఇగ లేవలే" అన్నాడు. ఆ మాట విన్న తర్వాత కూడా నా వేళ్లు కాసేపు పప్పులో తిరుగుతూనే ఉన్నాయి. అందరూ పప్పులో రాళ్లు వెతుకుతారు. నేను మెరిసేదేమైనా ఉందా అని కూడా చూస్తాను. ఆ అలవాటు నాకు పెద్దమ్మ వల్ల వచ్చింది. ఎలా వచ్చిందో మీకు చెప్పుకుంటే తప్ప నాకు ఈ దుఃఖం దిగేలా లేదు.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. వాళ్లది చౌటుప్పల్ దగ్గర హైవే దిగి కాస్త లోపలికి పోతే వచ్చే ఊరు. గొర్లు కాసే ఇళ్లే ఎక్కువ. పెద్దబాపు గొర్లు కాసేవాడు, తీరిక దొరికినప్పుడు ఇంటి ముందు గుంట మగ్గంలో కూర్చుని గొంగళ్లు నేసేవాడు. ఆ గొంగళ్లకు ఉన్ని వడికేది పెద్దమ్మ. మాది మర్రిగూడ వైపు. మా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి మళ్లీ చెప్పను. నా పళ్ల మీది గోధుమరంగు చారలు ఆ నీళ్లు పెట్టినవే. తెలంగాణ వచ్చిన యేడు డిగ్రీ చదవడానికి నేను చౌటుప్పల్ కాలేజీలో చేరి, పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను.

అప్పట్లో నాకు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వే అలవాటుండేది. చేరిన కొత్తలోనే పెద్దమ్మ అది పట్టేసింది. ఒకరోజు నా చేతిని మెల్లగా కిందికి లాగి, "నవ్వెందుకు దాసుకుంటవ్ బిడ్డా? నీళ్లు చేసిన పనికి నువ్వెందుకు తల దించుకోవాలె?" అంది. ఆమెకు సిగ్గంటే ఏమిటో తెలియదు. బస్సులో డ్రైవరుతో మాట కలిపేది, సర్పంచును పేరు పెట్టి పిలిచేది, ఎవరింట్లో కూర బాగుందని వాసన వస్తే గిన్నె పట్టుకుని నేరుగా వెళ్లేది. పెద్దబాపు నోట్లో మాట లేని మనిషి. ఆయన వాటా కూడా ఈమే మాట్లాడేస్తుందని ఊళ్లో నవ్వుకునేవాళ్లు.

మధ్యాహ్నాలు రాట్నం ముందు కూర్చుంటే మాత్రం మెత్తబడేది. ఒక చేత్తో రాట్నం తిప్పుతూ, రెండో చేతిని ఉన్నితో పాటు వెనక్కి చాపుతూ పోయేది. ఎక్కడ ఉన్ని ఆగిపోయి ఎక్కడ దారం మొదలవుతోందో ఎంత చూసినా నాకు తెలిసేది కాదు. వాకిట్లో ఎండ, ఎండలో తేలే ఉన్ని నలుసులు, ఎక్కడో గొర్ల మెడగంటలు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని నేను అక్కడే కునికేదాన్ని. ఇప్పటికీ నాకు సుఖంగా నిద్ర పట్టే ముందు ఆ రాట్నం చప్పుడే వినిపిస్తుంది.

గొంగళ్లు కప్పుకునేవాళ్లు తగ్గి, దుకాణాల్లో రంగురంగుల రగ్గులు వచ్చాక ఇంట్లో ఇబ్బంది మొదలైంది. రోడ్డు వైపు ఒక కంపెనీ ఉండేది. జ్వరం చూసే గాజు గొట్టాలు, బీపీ చూసే పెట్టెలు అక్కడ తయారయ్యేవి. ఊరి ఆడవాళ్లు కొందరు అప్పటికే పోతున్నారు, వాళ్లతో పెద్దమ్మ కూడా కలిసింది. గొట్టాల్లో పాదరసం నింపడం, పగిలినవి ఏరి పక్కన వేయడం, కింద ఒలికినది చీపురుతో ఊడ్చి ఎత్తడం ఆమె పని. కిటికీలు తెరిస్తే దుమ్ము పడుతుందని మూసే ఉంచేవారట. చేతులకు తొడుగులు లేవు, ముక్కుకు గుడ్డ లేదు. పెద్దమ్మకు అవి కావాలని కూడా తెలియదు. నిలువు కాళ్ల మీద ఎండలో పనిచేసిన మనిషికి నీడలో కూర్చుని చేసే పని దొరికిందని సంతోషపడింది.

మొదటిసారి ఆమె పాదరసం ఇంటికి తెచ్చిన సాయంత్రం నాకు బాగా గుర్తు. పగిలిన గొట్టాలు, ఊడ్చినది కంపెనీ వెనక గుంతలో పోసేవాళ్లు. అక్కడ ఏరి, ఖాళీ మందుసీసాలో పట్టుకొచ్చింది. పళ్లెంలో పోసి మమ్మల్ని పిలిచింది. దిగే పొద్దు వెలుగంతా వచ్చి ఆ పళ్లెంలో కూర్చుంది. వేలితో తాకితే చుక్క పగిలి పది చుక్కలయ్యేది. పళ్లెం వంచితే అన్నీ పరుగెత్తుకొచ్చి మళ్లీ ఒకటయ్యేవి. వంగి చూస్తే ఒక్కో చుక్కలో మా ఇంటి కప్పు, దర్వాజ, మా మొహాలు చిన్నగా కనబడ్డాయి. "చూడు బిడ్డా, చందమామ పిల్లల్ని పెట్టింది" అంది పెద్దమ్మ. అంత అందమైన వస్తువును నేను అంతకు ముందు చూడలేదు. ఈ మాట చెప్పడానికి ఇప్పుడు నోరు రావడం లేదు గానీ, అది నిజం.

మా వైపు పాతకాలం నమ్మకం ఒకటుంది. కందుల్లో, పెసర్లలో పాదరసం చుక్క పెడితే పురుగు రాదంటారు. తమలపాకు రసంలో నూరి తలకు రాస్తే పేలు పోతాయనీ అంటారు. అయితే అది దొరకడం కష్టం, దొరికినా పిరం. అలాంటిది పెద్దమ్మకు ఊరికే దొరికింది. ఆమె చేతికి వచ్చినది ఏదీ ఆమె ఇంట్లోనే ఆగేది కాదు. కొత్త కందులు ఇళ్లకు వచ్చే రోజుల్లో చిన్న చిన్న సీసాల్లో తలా ఒక చుక్క పోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, ఇల్లిల్లూ తిరిగి పంచింది. మర్రిగూడలో మా అమ్మకూ పంపింది. యేడాది తిరగకుండానే ఊళ్లో ప్రతి కందిబుట్టలో ఒక వెండి చుక్క చేరింది. ఆ ఇళ్లలో పెద్దమ్మ పేరు చల్లగా ఉండేది.

తర్వాత యేళ్లు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఒక రోజని, ఒక సంఘటనని చూపించలేను. వాన పడ్డ మరునాడు కంపెనీ వెనక మట్టిలో సన్నటి చుక్కలు మెరిసేవి, పిల్లలు వాటితో ఆడేవాళ్లు. అక్కడి నీళ్లు వాగులోకి, వాగు నుంచి కుంటలోకి పోయేవి. గొర్లు ఆ నీళ్లే తాగేవి, జనం ఆ కుంట చేపలే వండుకునేవాళ్లు. మెల్లగా కంపెనీకి పోయే ఆడవాళ్ల చిగుళ్లు ఉబ్బాయి. నోట్లో ఎప్పుడూ ఇత్తడి చెంబు నాకినట్టుందని చెప్పుకునేవాళ్లు. కొందరికి నిద్ర కరువైంది, కొందరికి కారణం లేని కోపం పట్టుకుంది. చాయ కప్పులు సాసర్లలో గలగలమనడం మొదలైంది. మరి ఎవరూ ఎందుకు పట్టించుకోలేదంటే, నల్లగొండ జిల్లాలో పుట్టినవాళ్లకు ఒళ్లు ఎక్కడ పాడైనా సమాధానం ముందే తయారుగా ఉంటుంది. ఫ్లోరైడ్ నీళ్లు. మా అమ్మ నడుము వంగడం, నా పళ్లు చూసిన నేను కూడా అదే అనుకున్నాను. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చినప్పుడు ఊరంతా కొబ్బరికాయలు కొట్టి, ఇక బాగైపోతామని ఎదురుచూసింది. ఆ మంచి నీళ్లు తాగుతూ ఉండగానే చేతుల వణుకు పెరిగింది.

పెద్దమ్మ జబ్బు మొదట దారంలో కనిపించింది. ఒకచోట లావు, ఒకచోట సన్నం, మధ్యలో ముడులు. తెంపి, అతికి, మళ్లీ వడికేది. పెద్దబాపు ఆ దారాన్నే తీసుకుని ఒక గొంగడి నేశాడు. ఎత్తుపల్లాలతో, చేయి పెడితే గరుకుగా తగిలేది. సంతకు తీసుకుపొమ్మంటే, "గిది నాకు ఉంచుకుంట" అన్నాడు. నాకు తెలిసి ఆయన పెద్దమ్మ మాట కాదన్నది అప్పుడే.

ఆ తర్వాత ఆమెకు సిగ్గు వచ్చింది. నేను అప్పటికి నల్లగొండలో ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. సెలవుకు వెళ్తే పెద్దమ్మ నన్ను చూసి తలుపు చాటుకు పోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తూ మాట్లాడింది. ఎవరైనా వస్తే పెరట్లోకి వెళ్లి వాళ్లు పోయేదాకా వచ్చేది కాదు. గిన్నె పట్టుకుని ఊరంతా తిరిగిన మనిషి వాకిలి దాటడానికి భయపడుతోంది. ముసలితనంలో కొత్త పెళ్లికూతురైందని వదిన నవ్వబోయి, నవ్వలేక కళ్లు తుడుచుకుంది. నాకు చాలా భయమేసింది. మనిషి అక్కడే ఉండి, మనిషి లోపలున్నామె ఎటో పోయినట్టనిపించింది.

హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు ఆమె చేతులు చాపమని చూసి, నీళ్ల గురించి అడగలేదు. ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు. అన్నన్ని యేళ్లలో ఆ ప్రశ్న అడిగింది ఆయన ఒక్కడే. చెప్పాక చాలాసేపు రాసుకున్నాడు. పాదరసం కంటికి కనబడని ఆవిరై పీల్చే గాలిలో కలుస్తుందని, వణుకూ, చిగుళ్ల వాపూ, నిద్ర పట్టకపోవడమూ దాని వల్లనేనని, చివరికి ఈ సిగ్గు కూడా ఆ జబ్బులో భాగమేనని విడమరిచి చెప్పాడు. ఇంట్లో ఏమైనా ఉందా అని అడిగాడు. పెద్దమ్మ నేల చూస్తూనే, "ఇంట్ల గాదు సారూ, ఊరందరి ఇండ్లల్ల ఉన్నది. నేనే ఇచ్చిన" అంది.

తిరుగు బస్సులో పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బయట పొలాలు, ప్లాట్లకు హద్దుగా పాతిన రంగురాళ్లు, పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. తర్వాత నా చేయి పట్టుకుని, "గీ సిగ్గు నాది గాదట బిడ్డా. కంపెనీదట" అంది. కొంచెం తేలికపడ్డట్టనిపించింది. ఊరు దగ్గరపడుతుంటే మళ్లీ అంది, "ఇచ్చినయన్ని మళ్ల తెచ్చుకోవాలె. నేనే అడగాలె."

అది ఆమెకు ఎంత కష్టమో ఆ ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుసు. వాకిలి దాటలేని మనిషి ఇల్లిల్లూ తిరగాలి. తిరిగి, తను ప్రేమతో ఇచ్చింది విషమని నోటితో చెప్పాలి. నేను అడుగుతాను, నువ్వు నా వెనక ఉండు చాలు అన్నాను. ఒప్పుకోలేదు. తెల్లవారి గొర్లు మేతకు కదిలే వేళ బయల్దేరేవాళ్లం. నా చేతిలో, ఆవిరి లేవకుండా సగం నీళ్లు పోసిన గాజు ఊరగాయ జాడీ. మంచు పొగలో గొర్ల మంద మమ్మల్ని దాటుకుంటూ పోయేది. తెల్లటి వీపులు, తెల్లటి మంచు, వాటి మధ్య కొంగు తల నిండా కప్పుకుని పెద్దమ్మ. కొన్ని ఉదయాలు ఆమె నడుస్తోందో తేలుతోందో తెలిసేది కాదు. ఒక్కో గడప ముందు ఆగి, ఊపిరి పీల్చుకుని, నిలబడేది. తర్వాత నేల చూస్తూ సీసా అడిగేది.

కొందరు నమ్మలేదు. కొందరు కోప్పడ్డారు. సీసా ఇస్తే చాలదు, ఆ బుట్టలోని కందులు కూడా గుంత తీసి పూడ్చాలని డాక్టరు చెప్పాడు మరి. యేడాది పప్పు అది. పోయి ఆ కంపెనీవాళ్లను అడుగు, మమ్మల్నెందుకు అడుగుతావని ఒకాయన గట్టిగానే అరిచాడు. పెద్దమ్మ అక్కడి నుంచి కదలలేదు. చేతులు వణుకుతుంటే దర్వాజ పట్టుకుని నిలబడింది. ఆయన ఆ చేతుల్ని చూశాడు. లోపలికి వెళ్లి సీసా తెచ్చి నా జాడీలో వంపాడు. చుక్క నీళ్లలో మునిగి, అడుగున ఉన్న వాటితో కలిసిపోయింది. అలా ఒక్కో ఇంటి చుక్క వచ్చి ఆ జాడీలో ఒకటవుతూ పోయింది. ఇచ్చిన ప్రతి ఇంటికీ పెద్దమ్మ మా చేను కొత్త కందులు కొన్ని, ఎండిన వేపాకు, ఎర్రమట్టి పంపింది. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టే పాత పద్ధతి ఉందిగా, అదే చేసుకోమంది. మా యేడాది పప్పు కూడా అట్లా అయిపోయింది. ఆ యేడు అందరం చింతపులుసుతోనే తిన్నాం.

జాడీని కాలుష్యం చూసే ప్రభుత్వ ఆఫీసు వాళ్లకు చూపించాక కదలిక వచ్చింది. జీపులు వచ్చాయి, తొడుగులు వేసుకున్నవాళ్లు వచ్చి జాడీని, గుంతల్లో మట్టిని తీసుకుపోయారు. బడిలో క్యాంపు పెట్టి అందరి రక్తం తీశారు. కుంట చేపలు తినొద్దని చాటింపు వేశారు. కంపెనీ వాళ్లు ఒక పొద్దున సామాన్లన్నీ లారీలకు ఎత్తుకుని వెళ్లిపోయారు, ఎటు పోయారో మాకు ఎవరూ చెప్పలేదు. అక్కడ కూడా కిటికీలు మూసుకుని ఎవరో ఆడవాళ్లు కూర్చుని ఉంటారేమోనని ఇప్పటికీ అనుకుంటాను. ఊళ్లో పిల్లలు తొందరగానే తేరుకున్నారు. పెద్దమ్మ లాంటి వాళ్లకు వణుకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

మర్రిగూడలో మా అమ్మతో సహా అన్ని ఇళ్లూ ఇచ్చాయి, ఎదురిల్లు తప్ప. ఆ ఇంటామె నాకు వరసకు అత్త. పెద్దమ్మతో కలిసి పండుగలకు పిండివంటలు చేసిన మనిషి. ఆమె తన చుక్కను కందుల్లో పెట్టలేదు. పాదరసం శివుడంటారు కదా, రాగి చెంబులో పోసి మల్లన్న పటం ముందు పెట్టి, రోజూ బండారి పసుపు చల్లి మొక్కుతోంది. "దేవునికి పెట్టింది ఎట్ల తీసిస్త వదినె? నీకు అవుతదా?" అని అడిగింది. పెద్దమ్మకు కూడా మల్లన్నే దేవుడు. మేం చెప్పాం, అన్న చెప్పాడు, క్యాంపుకు వచ్చిన నర్సమ్మ చెప్పింది. చివరికి పారేశాననేసి తలుపేసుకుంది. పారేయలేదని అందరికీ తెలుసు.

ఆ రోజు నుంచి పెద్దమ్మ కొత్త అలవాటు ఒకటి పెట్టుకుంది. పొద్దున చాయ తాగి, కొంగు తలమీదికి లాక్కుని, వీధి దాటి ఎదురింటి అరుగు మీద కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. లోపల అత్త పూజ చేసుకుంటుంటే గంట చప్పుడు వినేది. కాసేపటికి లేచి వచ్చేసేది. మొదట్లో అత్త విసుక్కుంది, తర్వాత చాయ ఇవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని గొర్ల గురించి, వానల గురించి మాట్లాడుకునేవాళ్లు. పెద్దమ్మ ఊరి మొత్తంలో తల ఎత్తి మాట్లాడిన చోటు అదొక్కటే. ఎందుకు పోతావు, ఆమె ఇవ్వదు కదా అని నేను ఒకసారి అడిగితే, "ఇయ్యకుంటే ఇయ్యకపోనీ. ఆమె ఒక్కతే ఆ గాలిల కూసుంటాంది గద. నాకు నిద్ర వడ్తలేదు బిడ్డా" అంది. అప్పుడు నేను ఆమె నోటి మీది కొంగు మెల్లగా కిందికి లాగి, ఆమె నాకు చెప్పిన మాటే తిరిగి చెప్పాను, కంపెనీ చేసిన పనికి నువ్వెందుకు తల దించుకోవాలని. పళ్లు ఊడిన చిగుళ్లతో చాలా రోజులకు నోరారా నవ్వింది. నేనూ నవ్వాను, చేయి అడ్డం పెట్టుకోకుండా.

అన్న ఫోన్ వచ్చిన రోజు నేను వెళ్లేసరికి పెద్దమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. పెద్దబాపు ఆ ఎత్తుపల్లాల గొంగడిని తెచ్చి ఆమెకు కప్పాడు. తనకుంచుకున్నది ఇందుకేనేమో నాకు తెలియదు. ఆయన అరచేత్తో దాన్ని సవరిస్తూ, ముడి తగిలిన చోటల్లా కాసేపు ఆగుతున్నాడు. సన్నటి తుంపర పడుతోంది. ఊరంతా వచ్చింది. ఒకప్పుడు కోప్పడ్డ ఆయన కూడా వచ్చి పాడె మోశాడు. అత్త మాత్రం తలుపు తీయలేదు.

మూడోనాడు పొద్దున, ఇంకా ఆగని తుంపరలో, పెద్దమ్మ రోజూ చాయ తాగి వీధి దాటిన వేళకు, ఎదురింటి తలుపు తెరుచుకుంది. అత్త రెండు చేతులతో రాగి చెంబు పట్టుకుని వస్తోంది. వీధి మధ్యలో ఆగింది, మళ్లీ నడిచింది. మా గడప ముందుకు వచ్చి నన్ను చూసింది. "ఇగ అడగొచ్చేటామె లేదు బిడ్డా. అందుకే నేనే తెచ్చిన" అంది.

చెంబు అంచులకు పసుపు ఎండిపోయి ఉంది. లోపల అప్పుడే పోసిన నీళ్లు, నీళ్ల అడుగున ఆ చుక్క. వంగి చూశాను. అందులో మా దర్వాజ ఉంది, పైన మబ్బు ఉంది, మా ఇద్దరి మొహాలు ఉన్నాయి. అవేవీ నిలకడగా లేవు. చుక్క పగలబోతూ, కలుస్తూ, అదురుతోంది. ఎందుకా అని తలెత్తితే, అత్త చేతులు వణుకుతున్నాయి. పెద్దమ్మ చేతులు ఎలా వణికేవో అచ్చం అలాగే. నేను కింద నా అరచేతులు పెట్టి చెంబును పట్టుకున్నాను. అత్త వెంటనే వదల్లేదు. తుంపరలో మేమిద్దరం అలాగే నిలబడి ఉన్నాం, మా చేతుల మధ్య ఆ వెండి చుక్క ఇంకా వణుకుతూనే ఉంది.